కుడికే తోసిన చెయ్యి

ఆవిడ టైలరు. వీధి మలుపులో రెండు గదుల కొట్టు. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, వెనక గదిలో విరిగిన విమానాలు. ముందు గదికి వచ్చినవాళ్ళు నడుము దగ్గర వదులు చెయ్యమంటారు, వెనక గదికి వచ్చినవాళ్ళు ముక్కు అతకమంటారు. విమానాలంటే మనుషులెక్కేవి కావులెండి. బారెడు రెక్కలు, పొట్టలో బ్యాటరీ, ముక్కున ప్రొపెల్లరు. నేలమీద నిలబడి రిమోట్‌తో ఎగరేస్తారు. ఒళ్ళంతా థర్మాకోల్ లాంటి నురుగు పలకే. అలాగని ఎవరైనా వాటిని బొమ్మలన్నారో, ఆవిడకి ఒళ్ళు మండుతుంది. "బొమ్మ కింద పడితే పిల్లాడు ఏడుస్తాడు. ఇది కింద పడితే రిటైరైన జడ్జిగారు ఏడుస్తారు. రెండూ ఒకటేనా?" అంటుంది.

ఇదంతా మొదలై మూడేళ్ళయింది. ఊరి చివర మైదానంలో ప్రతి ఆదివారం విమానాలెగరేసే క్లబ్బు ఒకటుంది. దాని కార్యదర్శి పళ్ళ డాక్టరు. ఒకరోజు ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చి, సంచిలో రెండు ముక్కలైన రెక్క పెట్టుకుని, సొంత తమ్ముణ్ణి ఆస్పత్రిలో చేర్చి వచ్చినవాడిలా కూర్చున్నాడు. చూసి ఊరుకోలేక "ఇలా ఇవ్వండి, అతికి చూస్తాను" అంది. అని, ఇంట్లో ఉన్న జిగురు పూసింది. చెప్పుల్ని అతికే జిగురు అది, నురుగుని నమిలి మింగేసింది. చూస్తుండగానే రెక్కలో గుప్పెడంత గొయ్యి! ఆవిడ పట్టుదల మనిషి. నురుగుని తినని జిగురు వెతికి తెచ్చింది. గొయ్యి ఉన్నమేర కోసేసి, కాగితం మీద కొలత గీసుకుని, సుద్దతో గుర్తులు పెట్టి, కొత్త ముక్క కత్తిరించి గుండుసూదులతో గుచ్చి అతికింది. ఆరాక గరుకు కాగితంతో రుద్దితే అతుకెక్కడో డాక్టరే కనుక్కోలేకపోయాడు. కుట్టుపని తెలిసిన చెయ్యి మరి!

అప్పటినుంచీ క్లబ్బంతా ఆవిణ్ణి అతుకులక్క అంటోంది. ఆ పేరు ఆవిడకి నచ్చిందా అంటే, సగం నచ్చింది. ఎందుకంటే కొత్త విమానం కావాలంటే మాత్రం అందరూ కంపెనీ నుంచి పెట్టె తెప్పించుకునేవాళ్ళు. విరిగితేనే అక్క గుర్తొచ్చేది. "అతకడం వేరు, మొదట్నుంచీ కట్టడం వేరక్కా" అని డాక్టరే ఓసారి నోరు జారాడు. ఆ మాట ఆవిడ కడుపులో అరగకుండా అలాగే ఉండిపోయింది. ఒక్కటంటే ఒక్క విమానం, ముక్కు నుంచి తోక దాకా తన చేత్తో కట్టింది, క్లబ్బు మైదానంలో ఎగరాలి. అదీ ఆవిడ కోరిక.

క్లబ్బులో అందరికన్నా పెద్దవాడు క్రేన్ బాబాయ్. రేవులో ముప్ఫై నాలుగేళ్ళు క్రేన్ నడిపినాయన. పది టన్నుల పెట్టెని కోడిగుడ్డు మీద దించినా గుడ్డు పగలదని ఆయన గురించి చెప్పుకుంటారు. చెప్పుకోవడమేమిటి, మొదట చెప్పింది ఆయనే! చేతులంటే ఆయనకి అంత గీర. రిటైరయ్యాక ఆ చేతులు ఊరుకోక విమానం పట్టాయి. ఎరుపూ తెలుపూ చారల విమానం. దాన్ని గాల్లో ఆయన తిప్పుతుంటే మిగతావాళ్ళు తమవి దించుకుని చూసేవాళ్ళు.

ఆ విమానం ఓసారి కంచెకి తగిలి కుడిరెక్క విరిగింది. రెండు రెక్కల్లోనూ వెనక అంచు పలకల్ని ఆడించే చిన్న మోటార్లు ఉంటాయి, సర్వోలంటారు, అగ్గిపెట్టెలో సగం ఉంటాయి. వాటి పళ్ళూ అరిగిపోయాయి. అతుకులక్క రెక్క అతికింది, లోపల కార్బన్ కడ్డీ కూర్చింది. పాత రకం సర్వోలు బజార్లో దొరక్కపోతే వేరే రకం బిగించింది. రెండు చూపుడువేళ్ళ మీద విమానాన్ని నిలబెట్టి తూకం చూసింది. ముక్కు పిసరంత కిందికి వాలితే సరి, తోక వాలిందా కొంప మునిగినట్టే. ముక్కే వాలింది. చూసి తృప్తిగా ఇచ్చేసింది.

ఆ ఆదివారం బాబాయ్ విమానం లేచింది. మనిషెత్తు లేచిందో లేదో, గాలికి ఎడమ వైపు కాస్త ఒరిగింది. బాబాయ్ సర్దబోయాడు. అది సర్దుకోకపోగా ఇంకా ఒరిగింది. ఇంకా సర్దాడు. అంతే! రెక్క కొస నేలకి తగిలి, మూడు పల్టీలు కొట్టి, ముక్కు ముక్కయింది, తోక తోకయింది.

అందరూ పరిగెత్తారు. అతుకులక్కకి ఒకటే భయం, అతుకు ఊడిందేమోనని. డాక్టరు రెక్క ఎత్తి చూసి కేక పెట్టాడు. "అతుకు చూడండయ్యా! చుట్టూ నెర్రెలిచ్చింది కానీ అతుకు మాత్రం చెక్కుచెదరలేదు!" రెక్క చేతులు మారింది. తలా ఒకసారి వంచి చూశారు, ఆహా అన్నారు. అందరి మధ్యా డాక్టరు అన్నాడు, "అక్కా, కొత్తవాళ్ళకి నేర్పడానికి క్లబ్బుకి ఆరు విమానాలు కావాలి. పెట్టెలు తెప్పించం. మొదట్నుంచీ మీరే కట్టండి. వచ్చే ఆదివారం అందరి ముందూ చెప్పేస్తాను."

మూడేళ్ళు ఎదురుచూసిన మాట. ఆవిడకి కాళ్ళు నేలమీద నిలవలేదు.

ఇంత హడావుడిలోనూ బాబాయ్ ఉన్నచోటే నిలబడిపోయాడు. ఆవిడ వెళ్ళేసరికి తన చేతుల వంక చూసుకుంటున్నాడు.

"తప్పు నాదేనమ్మా. కుడికి ఇవ్వబోయి ఎడమకి ఇచ్చాను. కుడికే ఇచ్చాననుకున్నాను, ఒట్టు. చేతులు అబద్ధమాడటం మొదలెట్టాయి. ఇంక చాలు."

"అదేంటి బాబాయ్, ఎవరికి జరగదు?"

"నాకు జరగదు," అన్నాడాయన. పగిలిన విమానమూ రిమోటూ రెండూ ఆవిడ చేతిలో పెట్టాడు. "విడిభాగాలకి పనికొస్తాయి, ఉంచుకో." వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ వారం అతుకులక్క గొప్పలు వినాలి! జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన వాళ్ళకి కూడా అతుకు కథ చెప్పింది. ముందు గదిలో కూర్చుని బొత్తాలు కుట్టే అత్తగారు మూడోరోజుకి విసుక్కుంది. "ఆ రెక్క నువ్వతికావని ఈ వీధిలో కుక్కలకి కూడా తెలిసిపోయింది. ఇంక ఈ కాజాలు చూడవే తల్లీ."

అయినా పెద్దాయన మొహం ఆవిడ్ని వదల్లేదు. విమానం బాగుచేసి కానుకగా ఇస్తే మళ్ళీ ఎగరేస్తాడని, తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని కొత్త ముక్కు కట్టింది, కొత్త తోక కట్టింది. రెక్క నెర్రెలు జిగురుతో పూడ్చింది, సర్వోలు ఎలాగూ బాగానే ఉన్నాయి. గురువారం మధ్యాహ్నానికి పని పూర్తయింది. ప్రొపెల్లరు విప్పి పక్కన పెట్టి (అది తిరుగుతుండగా వేలు పెట్టినవాళ్ళకి వేలుండదు), బ్యాటరీ తగిలించి, బాబాయ్ రిమోటే చేతిలో ఉంది కదాని దాంతోనే చూసింది. మీట కుడికి తోసింది.

ఇక్కడొక్క మాట చెప్పాలి, పెద్ద విద్యేం కాదు. రెక్కల వెనక అంచున కదిలే పలకలుంటాయి. మీట కుడికి తోస్తే కుడిరెక్క పలక పైకి లేవాలి, ఎడమరెక్క పలక కిందికి దిగాలి. అప్పుడు విమానం కుడికి వాలుతుంది. అంతే.

ఆవిడ మీట కుడికి తోస్తే కుడి పలక కిందికి దిగింది.

మళ్ళీ తోసింది. మళ్ళీ కిందికే. ఎడమకి తోసింది. ఎడమ పలక కిందికే. అప్పుడు గుర్తొచ్చింది. ఆ వేరే రకం సర్వోలు పాతవాటికి ఎదురు దిక్కున తిరుగుతాయి. బాగుచేసిన రోజున బాబాయ్ రిమోట్ తన దగ్గర లేదు. తన పాత రిమోట్‌తో, దానికి జతైన రిసీవర్, అంటే రిమోట్ సంకేతం అందుకునే బిళ్ళ, విమానంలో తాత్కాలికంగా పెట్టి చూసింది. పలకలు ఉల్టా వెళ్ళాయి. తన రిమోట్‌లో దిక్కు మార్చే మీట తిప్పేసింది, సరిపోయింది. బాబాయ్ రిమోట్‌లో కూడా మార్చాలని చెప్పాలనుకుంది. సరిగ్గా అప్పుడే చొక్కా చంక బిగిసిందని గోల పెడుతూ ఎవరో ఒకావిడ వచ్చింది. చొక్కా వదులు చేసింది. చెప్పాల్సిన మాట మర్చిపోయింది.

అంటే బాబాయ్ ఆరోజు కుడికే తోశాడు. ఎంత కుడికి తోస్తే విమానం అంత ఎడమకి వాలింది. విమానాన్ని నేలకి కొట్టింది ఆయన చేతులు కావు, అతుకులక్క మతిమరుపు! ఆ అతుకు చూసే క్లబ్బంతా ఆవిణ్ణి నెత్తిన పెట్టుకుంది.

ఆ సాయంత్రం బాబాయ్ భార్య ప్యాంటు అంచు కుట్టించడానికి కొట్టుకొచ్చింది. పిన్ని మామూలుగా గలగలా మాట్లాడే మనిషి. ఆరోజు కూర్చుని గొంతు తగ్గించింది.

"మీ బాబాయ్ టీ కప్పు రెండు చేతుల్తో పట్టుకుంటున్నాడే. ఒలికిపోతుందని భయమట. స్కూటర్ తాళాలు కూడా నాకిచ్చేశాడు. చేతులు పోయాయి, ఇంకేం పోతాయో అంటూ కూర్చుంటున్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్తే ఏమీ లేదన్నారు. ఈయన వింటేగా!"

అతుకులక్క తేలు కుట్టిన దొంగలా మిషను మీదకి వంగింది. ప్యాంటు అంచు వంకరగా కుట్టింది, విప్పి మళ్ళీ కుట్టింది.

రాత్రి భోజనాల దగ్గర మొగుడికి చెప్పేసింది. ఆయన బస్సు డ్రైవరు, గొడవలంటే బ్రేకు వేసే మనిషి. "ఎవరికీ తెలీదు కదా," అన్నాడు. "ఆ దిక్కేదో సరిచేసి ఇచ్చెయ్. ఎగరేస్తాడు, బాగా ఎగురుతుంది, ధైర్యం అదే వస్తుంది. ఆయనా బాగుంటాడు, నీ ఆరు విమానాలూ నీకుంటాయి. పాము చావాలి, కర్ర విరక్కూడదు."

ఆ మాట ఆవిడకి చెవిలో తేనె పోసినట్టుంది, అబద్ధమెందుకు? శుక్రవారం పొద్దున్నే దిక్కు సరిచేసి, విమానం తీసుకుని బాబాయ్ ఇంటికెళ్ళింది. ఎరుపూ తెలుపూ చారలు మళ్ళీ వేసి కొత్త పెళ్ళికొడుకులా తయారు చేసిన విమానం. ఆయన చూశాడు. కళ్ళు ఒక్క క్షణం వెలిగాయి. ఆవిడ రిమోట్ అందించబోయింది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"కూల్చే చేతికి మళ్ళీ విమానమెందుకమ్మా? ఎవరి తలమీదైనా పడితే?"

ఎంత చెప్పినా ముట్టుకోలేదు. ఆవిడ విమానం చంకలో పెట్టుకుని తిరిగొచ్చింది. మొగుడి ఉపాయం అక్కడితో సరి. ఆయన ముట్టుకోవాలంటే నిజం చెప్పాలి. నిజం చెబితే, అతుకులక్క బాగుచేసిన విమానం అతుకులక్క వల్లే కూలిందని ఊరూవాడా తెలుస్తుంది. ఇంక ఆరు విమానాలు కాదు కదా, అరముక్క రెక్క కూడా ఎవరూ తెచ్చివ్వరు.

శనివారమంతా మిషను తొక్కుతూ ఆలోచించింది. ఆలోచన తెగలేదు, దారం తెగింది, నాలుగుసార్లు. అత్తగారు బొత్తాల డబ్బా పక్కన పెట్టి, కళ్ళజోడు పైనుంచి చూసింది.

"ఏమే, చొక్కా కుట్టావనుకో. ఎడమ చెయ్యి కుడివైపు కుట్టేశావు. తొడుక్కున్నవాడు వచ్చి, అమ్మా, నా భుజాలే వంకరగా ఉన్నాయి, క్షమించు అన్నాడు. ఏం చేస్తావు?"

"ఎవరు చెప్పారు మీకు?"

"గోడకి చెవులుంటాయి. నాకు రెండున్నాయి. అడిగినదానికి చెప్పు."

కోడలు తెగిన దారం మళ్ళీ సూదికెక్కించింది. అత్తగారు డబ్బా మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. "నేనైతే చొక్కా విప్పించి చూపిస్తాను. నా కుట్టు మీద నాకు అంత పొగరు," అంది.

ఆదివారం పొద్దున మైదానంలో పాతికమంది. డాక్టరు ఆరు విమానాల కొలతల కాగితాలు పట్టుకుని బల్ల దగ్గర నిలబడ్డాడు. బాబాయ్‌ని పిన్ని బలవంతాన లాక్కొచ్చింది. ఆయన వెనక కుర్చీలో, చేతులు జేబుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. డాక్టరు గొంతు సవరించుకుని "ఇవాళ మన అక్కకి..." అనేసరికి అతుకులక్క అడ్డం వచ్చింది.

"ఒక్క నిమిషం డాక్టరు గారూ. ముందు నేను మాట్లాడాలి. తర్వాత మీరు మాట్లాడాలనుకుంటే మాట్లాడుదురుగానీ."

ఆవిడ విమానాన్ని బల్ల మీద పెట్టింది. శుక్రవారం సరిచేసిన దిక్కుని కావాలనే మళ్ళీ ఉల్టా చేసి, కూలిన రోజు ఎలా ఉందో అలాగే తెచ్చింది. రిమోట్ తీసుకెళ్ళి బాబాయ్ ఒళ్ళో పెట్టింది.

"ఎగరెయ్యొద్దు. ప్రొపెల్లరు కూడా తీసేశాను. కూర్చునే ఉండి మీట కుడికి తొయ్యండి, చాలు."

ఆయన తటపటాయించి ఒక చెయ్యి బయటకి తీశాడు. తోశాడు. కుడి పలక కిందికి దిగింది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ తోశాడు.

"ఇదేంటి, ఉల్టాగా ఉంది?"

"ఉల్టాగానే ఉంది. సర్వోలు మార్చింది నేను. నా రిమోట్‌లో దిక్కు మార్చుకుని, మీ రిమోట్‌లో మార్చాలని చెప్పడం మర్చిపోయింది నేను. ఆరోజు మీరు కుడికే తోశారు బాబాయ్. విమానాన్ని కూల్చింది మీరు కాదు, నేను."

ఆవిడ తల దించలేదు. డాక్టరు చేతిలో కాగితాలు అలాగే ఆగిపోయాయి.

బాబాయ్ ఇంకోసారి మీట తోసి ఆ పలక వంక చూశాడు. "ఆరోజు కూడా ఇలాగే ఉందా?"

"ఇలాగే ఉంది."

"అంటే నేను కుడికే..."

"కుడికే."

ఆయన లేచి నిలబడ్డాడు. కళ్ళనిండా నీళ్ళు. నవ్వో ఏడుపో తెలీని మొహంతో రెండు చేతులూ పైకెత్తి మైదానమంతా వినబడేలా అరిచాడు. "ఏమేవ్! విన్నావా? నా చేతులు కుడికే తోశాయి! కుడికే!" పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ వెంటనే ఆయన అతుకులక్క మీద విరుచుకుపడ్డాడు. "నీకు బుద్ధుందా? వారం రోజులు! వారం రోజులు టీ రెండు చేతుల్తో తాగాను తెలుసా? చంటిపిల్లాడిలా!"

"తిట్టండి బాబాయ్. ఎంత తిడితే అంత మంచిది నాకు."

"తిడతాను. ముందు అది సరిచెయ్. తర్వాత తీరిగ్గా తిడతాను." అంతలోనే తగ్గిన గొంతుతో అన్నాడు, "నేను మాత్రం తక్కువా? లేపేముందు పలకలు కదులుతున్నాయా అని చూశాను, ఎటు కదులుతున్నాయో చూశానా? రేవులో ముప్ఫై నాలుగేళ్ళు కొత్తవాళ్ళకి చెప్పిన పాఠమది. నా మొహం!"

అతుకులక్క రిమోట్ తీసుకుని దిక్కు మార్చింది. ఒక్క క్షణం పని. ఇంత రభసకి కారణం ఆ ఒక్క క్షణం! కుడికి తోసింది, కుడి పలక పైకి లేచింది. బాబాయ్ చేత కూడా తోయించింది, చూపించింది, నోటితో చెప్పించింది. అప్పుడు ప్రొపెల్లరు బిగించింది.

విమానం గడ్డి మీద పరిగెత్తి లేచింది. మనిషెత్తులో, సరిగ్గా ఆనాడు ఒరిగినచోటే గాలి మళ్ళీ తోసింది. ఎడమ రెక్క వాలింది. బాబాయ్ బొటనవేలు వెంట్రుకవాసి కదిలింది. రెక్క నెమ్మదిగా, హుందాగా సమానమైంది. మైదానమంతా ఒక్కసారి హమ్మయ్య అంది. ఆయన దాన్ని చెట్ల కొసల దాకా ఎక్కించాడు, గిరికీలు కొట్టించాడు, తలకిందులుగా తిప్పాడు. కొత్త ముక్కు, కొత్త తోక, అన్నీ అతుకులక్క కట్టినవే, ఎండలో తళతళలాడాయి. ఆవిడకి గర్వంతో ఛాతీ ఉప్పొంగింది. గొప్పలు చెప్పుకున్న ఆ వారంలో ఇలాంటి గర్వం ఒక్కరోజు కూడా లేదు. ఆ తేడా ఆవిడకి బాగా తెలిసింది.

డాక్టరు పక్కకొచ్చి నిలబడ్డాడు. కాగితాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"అక్కా, ఈ ఆరూ మీరే కట్టాలి. ఒక్క షరతు. ఎవరి విమానానికి వాళ్ళ రిమోట్‌తోనే పరీక్ష చెయ్యాలి. పరీక్షప్పుడు బాబాయ్ పక్కనుండాలి. అక్కా, వింటున్నారా?"

"ఉండండి డాక్టరు గారూ," అంది ఆవిడ, తల తిప్పకుండా. "బాబాయ్ దించుతున్నాడు."